ఏడో బండి హాజరు

సముద్రం రావడానికి పదకొండు రోజులు

ఈ పొద్దున ఏడో బండి హాజరు పలకలేదు.

మిగతా పనులు ముందు రాసేస్తాను, లేకపోతే మర్చిపోతాను. రెండో బండి చక్రాల్లో ఇరుక్కున్న గవ్వలు పీకాను, బుట్టెడయ్యాయి. ఐదో బండి అద్దానికి పట్టిన ఉప్పు గీకాను. షెడ్డు కప్పు మీద ఎండపలకలు తుడిచాను. ఆ తర్వాతే హాజరు పెట్టె చంకన పెట్టుకుని ఏడో బండిలోకి ఎక్కాను.

బండిలో ఇరవైమూడు పెట్టెలుంటాయి. మోటారుకొకటి, బ్రేకులకొకటి, తలుపులకొకటి, మంచానికొకటి, రోగికి గాలి అందించే ఊపిరి పెట్టె ఒకటి, ఇలాగ. అన్నీ ఒకే జంట తీగ మీద మాట్లాడుకుంటాయి. స్టీరింగు కింద సాకెట్లో హాజరు పెట్టె గుచ్చి మీట నొక్కితే ఒక్కొక్కటీ ఉన్నానని పలుకుతుంది, ఒక్కో దీపం వెలుగుతుంది. ఇరవైమూడు దీపాలూ వెలగకుండా మా గవ్వమెట్ట నుంచి ఏ బండీ సముద్రం నేల మీదికి దిగదు. దింపుదామన్నా మోటారు పెట్టె చక్రాలు తిరగనివ్వదు.

ఈ రోజు మొదటిసారి నొక్కితే పంతొమ్మిది వెలిగాయి. రెండోసారి పదకొండు. ఎండ ఎక్కాక ఒక్కటీ లేదు. బండితో మాట కలవలేదు అన్న ముక్క తెర మీదికి వచ్చి కూర్చుంది.

పోలమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. ఏడో బండి నడిపేది ఆమే, నన్ను అక్క వరసన అప్పా అంటుంది. "నిన్న బాగానే పలికినాది కదప్పా," అంది.

"నిన్న నువ్వూ బాగానే ఉన్నావు, ఇయ్యాల జలుబు సేసినాది. బండికి మాత్రం సెయ్యదేటి," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఇంకో ఆరు రోజుల్లో దాలిని పెద్దమెట్టకు తీసుకెళ్ళాల్సింది ఈ బండిలోనే.

దాలి మా బడి పంతులమ్మ. ఎనిమిదో నెల నిండింది. మాయ కిందికి జారి బిడ్డ దారికి అడ్డంగా ఉందట. మా డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. కాన్పు ఆపరేషనుతోనే కావాలి, ఆపరేషను పెద్దమెట్ట ఆస్పత్రిలోనే అవుతుంది, ఇక్కడ నొప్పులు మొదలైతే రక్తం ఆగదు, తల్లీ బిడ్డా దక్కరు. రెండో బండీ ఐదో బండీ సరుకు బండ్లు. నూట నలభై కిలోమీటర్లు ఆ కుదుపుల్లో వెళ్తే నొప్పులు దారి మొదట్లోనే వచ్చేస్తాయి. ఏడో బండి మంచం ఒక్కటే గాలి మీద తేలుతుంది. సముద్రం వచ్చేసిందంటే మళ్ళీ నేల కనబడేది నాలుగు నెలలకు. అప్పుడు పడవా నిలవదు, పైన ఎగిరేదీ నిలవదు. దాలికి అన్ని రోజులు లేవు.


సముద్రం రావడానికి పది రోజులు

మా అయ్య నేర్పిన పద్ధతి ఒకటుంది. తీగ మీద ఒక పెట్టె చెడి ఊరికే అరుస్తూ కూర్చుంటే మిగతావాటి మాట వినబడదు. ఒక్కొక్క పెట్టే ఊడదీసి హాజరు నొక్కాలి. ఏది ఊడదీస్తే మిగతావన్నీ పలుకుతాయో అదే దొంగ.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇరవైమూడు ఊడదీశాను, ఇరవైమూడు బిగించాను. దొంగ దొరకలేదు. కానీ ప్రతిసారీ అందరికంటే ముందు నోరు మూసేది ఊపిరి పెట్టే. దాన్ని తీసి కొత్తది పెట్టాను. అదీ మూసుకుంది. పాతది కడిగి ఆరబెట్టి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. దానికి నేను పెట్టిన పేర్లు ఈ పుస్తకంలో రాయను, రేపు ఎవరైనా పిల్లలు చదువుతారు.

నడుం నొప్పెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. మెట్ట కింద సముద్రం నేల కనుచూపు మేర తెల్లగా పరుచుకుని ఉంది. పెద్ద చందమామ పట్టపగలే పడమట వేలాడుతోంది, చిన్నది దాని వైపు జరుగుతోంది. రెండూ ఒకదాని పక్కకొకటి చేరిన రోజున నీళ్ళు వెనక్కి వస్తాయి. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ నేల చూస్తే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. మనిషి నడవడానికి కాదు అది ఉన్నది, మనం కాస్త అడుగు పెట్టి వచ్చేస్తున్నాం, అంతే.


సముద్రం రావడానికి ఎనిమిది రోజులు

సిగ్గు విడిచి పెద్దమెట్టకు వైర్‌లెస్ కొట్టాను. అక్కడి షెడ్డు మేస్త్రి గురునాథం మామకు డెబ్బై ఏళ్ళు. మా అయ్యతో పని చేసినవాడు.

"జంట తీగ మజ్జిలో మీటరెట్టి సూసినావా?" అన్నాడు.

"మీటరు కరెంటింట్లో ఉన్నాది మామా. మెట్ట మొత్తానికీ ఒక్కటే."

"తెప్పించీ. బ్యాటరీ ఊడదీసీసి, రెండు తీగల మజ్జిలో పెట్టి ఎంతొస్తే అంత సెప్పు."

పెట్టాను. ముప్పై ఓములు చూపించింది. చెప్పాను. 

"అరవై రావాలమ్మా," అన్నాడు. "తీగకి రెండు కొసలు. కొసకొక బిళ్ళ. బిళ్ళకి నూటిరవై. పక్కపక్కన కడితే సగానికి పడిపోతాది, అరవై అవుతాది. ముప్పై అంటే ఎక్కడో ఏదో ఎక్కువున్నాది. కొసబిళ్ళలెన్ని?"

"రెండే."

"సరిగ్గా సూసినావా?"

"ముప్పయ్యేళ్ళ బట్టి ఈ బండిని నానే కదా సూస్తన్నాను. తలకాయ కాడొకటి, తోక కాడొకటి."

"అలగైతే నీళ్ళు దిగుంటాయి. తీగ ఎక్కడో తడిసి ఒకదానికొకటి తగుల్తన్నాది. మొత్తం ఇప్పి సూడు."

ఇప్పుడే మొదలుపెట్టాను. పైకప్పు పలకలు, నేల పలకలు, సీట్లు అన్నీ పీకాలి.


సముద్రం రావడానికి ఆరు రోజులు

రెండు రోజులు. నలభై మీటర్ల తీగ. వేలితో తడుముతూ, అద్దంతో చూస్తూ, అంగుళం అంగుళం వెతికాను. ఎక్కడా తడి లేదు. ఎక్కడా పై తొడుగు చిరగలేదు. ఏడో బండి తీగ నా జుట్టు కంటే ఆరోగ్యంగా ఉంది.

మీటరు మాత్రం ముప్పై దగ్గరే కూర్చుంది.

మధ్యాహ్నం దాలి వచ్చింది. ఒక చెయ్యి నడుం మీద, రెండో చెయ్యి పోలమ్మ భుజం మీద. పోలమ్మ రెండో చేతిలో బడిలోని తరంగాల తెర. పిల్లలకు శబ్దం ఎలా ప్రయాణిస్తుందో దాలి దాని మీదే చూపిస్తుంది.

"పడుకోమన్నారు కదే నిన్ను," అని కేకలేశాను.

"పడుకునే సూస్తాను పెద్దమ్మా. మంచం బండిలోనే ఉన్నాది కదా," అంది.

అంత మాటన్నాక ఏం చేస్తాను. ఏడో బండి మంచం మీదే పడుకోబెట్టాం. పైకప్పు పలకలు లేని బండిలో, తీగలన్నీ బయటపడి ఉన్నచోట, పంతులమ్మ కాళ్ళు చాపుకుని పాఠం మొదలుపెట్టింది.


సముద్రం రావడానికి ఐదు రోజులు

ఈ రోజు బయల్దేరాల్సిన రోజు. బయల్దేరలేదు.  కానీ ఈ రోజు చూసింది రాయకుండా ఉండలేను.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్టెలు కాసేపు పలుకుతాయి. ఆ కాసేపట్లో తెర తీగకు తగిలించాం. మొదట గడ్డిదుబ్బు లాగా గజిబిజిగా కనబడింది. దాలి ఏదో తిప్పి నెమ్మదిచేసింది. అప్పుడు ఒక్కొక్క మాటా విడివిడిగా కనబడింది.

సెకనుకు రెండు వేల మాటలు. ముప్పై ఏళ్ళుగా ఆ తీగకు రెండు పక్కలా నా చేతులున్నాయి, నాకు తెలియదు. నేను షెడ్డులో గవ్వలు ఏరుకుంటుంటే ఇవి ఇక్కడ ఇంత మాట్లాడుకుంటున్నాయి. చక్రం ఎంత తిరిగింది, మంచం ఎంత ఒరిగింది, తలుపు వేసి ఉందా, రోగి ఊపిరి పీలుస్తోందా. ఎవరూ అడగకపోయినా చెప్పుకుంటూనే ఉన్నాయి.

"ఇది సూడు పెద్దమ్మా," అని దాలి తెర ఆపింది. "ఇక్కడ బ్రేకు పెట్టే, తలుపు పెట్టే ఒకేసారి మొదలెట్టినాయి. ఒక్కో పెట్టెకీ ఒక్కో అంకె ఉంటాది. చిన్న అంకె ఉన్నది ముందు. తలుపు పెట్టె మాట్లాడతా మాట్లాడతానే, తనకంటే ముందోడు మాట్లాడతన్నాడని తెలిసి, ఇదిగో ఇక్కడ ఆగిపోనాది. బ్రేకు పెట్టె మాటలో ఒక్క అక్షరం కూడా సెడలేదు. అది ముగించినాక ఇది మళ్ళీ మొదట్నించి సెప్పుకున్నాది."

"మన మెట్ట సబలో ఒకసారి ఈ తెర పెట్టి సూపించాల," అన్నాను. కానీ నవ్వలాటకు అన్న మాట కాదు. ఇరవైమూడు గొంతులు, ఒకే తీగ, ఒక్కదాని మాటా ఇంకోదాని కింద నలగలేదు. నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఇది చేసినవాళ్ళెవరో, ఏ నేల మీద కూర్చుని చేశారో, ఎన్ని వందల ఏళ్ళయిందో. వాళ్ళ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

ఎండ ఎక్కింది. తెర మీద మాటలు పొట్టిగా అయ్యాయి. ఎత్తు తగ్గి, తగ్గి, నేలను పట్టుకున్నాయి. ఊపిరి పెట్టె మళ్ళీ అందరికంటే ముందు మానేసింది.

"అది సెడిపోయి కాదు పెద్దమ్మా," అంది దాలి. "ప్రతి పెట్టే తన తప్పులు తనే లెక్కెట్టుకుంటాది. సెప్పింది సెప్పినట్టు తీగ మీద కనబడకపోతే ఒక తప్పు. తప్పులు మరీ ఎక్కువైతే, నా వల్లే అందరికీ ఇబ్బంది అవుతన్నాదనీసి తనంతట తనే నోరు మూసుకుంటాది."

"తప్పు దానిది కాకపోయినానా?"

"దానికెలా తెలుస్తాది."

నేను నాలుగు రోజులు నోటికొచ్చినట్టు తిట్టింది దాన్నే. ఏ పాపమూ ఎరగక, తప్పు తనదేనేమోనని తప్పుకుని కూర్చున్నదాన్ని. గుడ్డ తీసి దాన్ని ఒకసారి తుడిచాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.


సముద్రం రావడానికి నాలుగు రోజులు

పొద్దున దాలికి కాస్త రక్తం కనబడింది. డాక్టరమ్మ చూసి, ఆగింది గానీ మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేనంది. దాలిని ఏడో బండి మంచం మీంచి కదపొద్దంది. ఇకనుంచి ఆ అమ్మాయి అక్కడే.

నేను తోక దగ్గర కొసబిళ్ళ తీసి గీకుతున్నాను. దాలి వెల్లకిలా పడుకుని కప్పు కేసి చూస్తోంది.

"పెద్దమ్మా, ఈ పసుపు దారం మూటలు రెండు తీగకెందుకున్నాయి?"

"అవి తోడుబిళ్ళలు. బండివి కాదు."

"తీగకే అతికి ఉన్నాయి కదా."

"ఉంటే ఉన్నాయి. అవి లెక్కలోకి," అన్నాను. ఆ తర్వాత మాట నోట్లోంచి రాలేదు.

రావు అని నాకు ఎవరు చెప్పారు?

మా మెట్ట మీద ఒక ఆచారం ఉంది. ఒక బండి ఇక నడవదని తేలినప్పుడు అందరి ముందూ దాని కొసబిళ్ళ ఒకటి తీస్తాం. నడిపినవాళ్ళ పేరు పిలుస్తాం. ఆ బిళ్ళ రెండు కాళ్ళనూ బతికున్న ఇంకో బండి జంట తీగకు అతికి, పసుపు దారం చుడతాం. పోయిన బండి ఒంటరిగా ఉండకూడదని. దీన్ని తోడు కట్టడం అంటాం. మా అయ్య తన ఒకటో బండి పోయినప్పుడు మొదలుపెట్టాడు, ఆ బిళ్ళ ఏడో బండిలో కట్టాడు. రెండోది ఈ సీజన్ మొదట్లో నేను కట్టాను. అది మూడో బండిది, పోలమ్మ భర్త జోగినాయుడు నడిపినది, నీళ్ళు తీశాక దొరికింది.

తలకాయ దగ్గరొకటి, తోక దగ్గరొకటి, తోడు రెండు. నాలుగు బిళ్ళలు. నాలుగు పక్కపక్కన కడితే ముప్పై. గురునాథం మామ రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ రెండే అన్నాను. అబద్ధం చెప్పలేదు. దండం పెట్టుకునే వస్తువును సామానులో లెక్కపెట్టాలని నాకు తోచలేదు. అయ్యది ఒక్కటే ఉన్నన్నాళ్ళూ బండి ఎలాగో నెట్టుకొచ్చింది, రెండోది పడేసరికి, పైన ఎండలు ముదిరేసరికి, మాటకు బలం చాలలేదు.

ఇది దొరికినందుకు ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. పాత పుస్తకాలు దింపాను. మూడో బండి పేజీలు తీశాను. నాలుగో బండి తోడు కట్టాను అని ఒకచోట ఉంది. దాని కింద, మూడేళ్ళ తర్వాతి తేదీతో, ఆరో బండి తోడు కట్టాను అని ఉంది. రెండూ నా చేతిరాతే. మూడో బండిలోనూ నాలుగు బిళ్ళలు.

కిందటేడు, సముద్రం రావడానికి ముందు రోజు, అరవై రెండో కిలోమీటరు రాయి దగ్గర మూడో బండి ఆగిపోయింది. జోగి వైర్‌లెస్‌లో పిలిచాడు. బండి పలకట్లేదప్పా, ఏటి సెయ్యాల అన్నాడు. పెట్టెలు ఒక్కొక్కటే ఊడదీసి సూడు, ఏదో ఒకటి దొంగుంటాది అన్నాను. అతను నేను చెప్పినట్టే చేస్తూ కూర్చున్నాడు. రెండో బండి అతని దాకా చేరకముందే నీళ్ళు వచ్చేశాయి.


సముద్రం రావడానికి మూడు రోజులు

పోలమ్మ నీళ్ళు పడుతోంది. ఎదురుగా నిలబడి మొత్తం చెప్పేశాను. ఆగితే చెప్పలేనని ఆగకుండా చెప్పాను. మూడో బండి సంగతి ఒక్కటే మిగిల్చాను, ధైర్యం చాలక.

ఆమె బిందె కుళాయి కిందికి ఇంకాస్త జరిపింది. తర్వాత, "ఆయన బిళ్ళ తీగ మీద ఏటంటాదప్పా? బండి నడిపినన్నాళ్ళూ నాను దాంతో మాట్లాడతన్నాను," అంది.

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "అదేటీ అనదు పోలమ్మా. కొసబిళ్ళ పని ఇనడమే. మాట తీగ సివరికొచ్చి తిరిగి ఎనక్కి రాకండా అది తనలో ఆపుకుంటాది. అందుకే మిగతావాళ్ళకి స్పష్టంగా వినబడతాది."

"మా ఆయనా అంతే," అంది. మొహంలో నవ్వు లాంటిది కదిలింది. "పద్దెనిమిదేళ్ళు నాను సెప్పిందంతా ఇన్నాడు. తిరిగి ఒక్క మాటంటే ఒట్టు. మరి ఇనేవోడుంటే తప్పేటి?"

"ఇనేవోళ్ళు మరీ ఎక్కువైపోతే మాట పల్చబడిపోతాది. ఊపిరి పెట్టె దాకా సేరట్లేదు."

బిందె నిండి పొర్లుతోంది. ఆమె చూడలేదు. నా మొహం చూస్తోంది. బండ్లతో బతికిన మనిషి, ఆమెకు ఒకరు చెప్పాలా.

"మూడో బండిలో ఎన్నున్నాయి?"

"నాలుగు."

"నువ్వే కట్టినావా?"

"నానే."

పోలమ్మ కుళాయి కట్టేసింది. బిందె అక్కడే వదిలేసి షెడ్డు కేసి నడిచింది. నేను వెనక నడిచాను. నన్ను కొడితే బాగుండునని నడిచినంతసేపూ అనుకున్నాను. బండెక్కి, దాలి మంచం పక్కనే నిలబడి, కత్తెర కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. పసుపు దారం కోసింది, బిళ్ళ కాళ్ళు రెండూ కోసింది.  బిళ్ళ జాకెట్లో దోపుకుంది. రెండోదాన్ని ముట్టుకోలేదు.

"అది మీ అయ్యది. నువ్వు తీసుకో," అంది. అప్పా అనలేదు.

కోశాను. అయ్య ముడి వేసిన దారం. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

మీటరు పెట్టాను. అరవై. హాజరు మీట నొక్కాను. నడి ఎండలో, షెడ్డు పొయ్యిలా కాలుతున్నప్పుడు, దీపాలు ఒకదాని వెనక ఒకటి వెలుగుతూ పోయాయి. మోటారు, బ్రేకులు, తలుపులు, మంచం. ఇరవైమూడోది ఊపిరి పెట్టె. అదీ పలికింది. దాలి మంచం మీంచి తెర నా వైపు తిప్పింది. మాటలన్నీ నిలువెత్తున, నిబ్బరంగా నిలబడి ఉన్నాయి. ముగ్గురం ఆ తెర చూస్తూ ఉండిపోయాం. గుడిలో కూడా నేను అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ నిలబడలేదు.


సముద్రం రావడానికి రెండు రోజులు

ఇది ఆపిన బండిలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించాలి.

రాత్రంతా పలకలు బిగించి, తెల్లవారగానే దిగాం. పోలమ్మ ముందు, నేనూ దాలీ వెనక. మెట్టకు ఒక్కతే కాబట్టి డాక్టరమ్మ రాలేకపోయింది. పోలమ్మ నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు.

ఇరవయ్యో కిలోమీటరు దాటాక పగడపు స్తంభాలు మొదలయ్యాయి. మా షెడ్డు కంటే ఎత్తు, ఎండి ఎర్రబడి ఉన్నాయి. నలభై దగ్గర ఏదో పెద్ద చేప ఎముకల గూడు. దాని పక్కటెముకల మధ్య నుంచే దారి. అరవై రెండో రాయి దగ్గర పోలమ్మ ఎప్పుడూ బండి ఆపి దిగుతుంది. ఈ రోజు ఆపలేదు. వేగం కూడా తగ్గించలేదు. నేను రాయి కేసి చూడలేకపోయాను.

డెబ్బై దగ్గర శబ్దం మొదలైంది. చాలా దూరం నుంచి, నేల లోపలి నుంచి వచ్చే హోరు. రెండు రోజుల ముందే ఇంత దగ్గరగా వినబడకూడదు. వైర్‌లెస్‌లో గురునాథం మామ, ఈ యేడు ముందరొచ్చేస్తన్నాది, బేగి రండి అన్నాడు. తూర్పున ఆకాశానికీ నేలకీ మధ్య తెల్లటి గీత కనబడింది. అది అంచు. దాని వెనక ఉన్నదంతా సముద్రమే, ఒక లోకమంత నీరు, లేచి నడిచి వస్తోంది. భయం వెయ్యాలి. వేసింది. కానీ దాని వెనకే, ఇది చూడటానికి నాకు కళ్ళున్నాయి కదా అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాను.

తొంభై దగ్గర దాలికి నొప్పులు మొదలయ్యాయి. రక్తం వచ్చింది. గుడ్డలు పెట్టాను, మంచం తల దించాను, గాలి గొట్టం ముక్కుకు పెట్టాను. ఊపిరి పెట్టె తన పని తాను చేస్తోంది. డాక్టరమ్మ వైర్‌లెస్‌లో ఒక్కటే చెప్పింది, నిద్రపోనివ్వొద్దు, మాట్లాడిస్తూ ఉండమని. దాలి కళ్ళు మూతలు పడుతున్నాయి. నాకు నోరు పెగల్లేదు. ఏం మాట్లాడాలన్నా కిందటేడు వైర్‌లెస్‌లో నేను చెప్పిన మాటే గొంతులోకి వస్తోంది.

అప్పుడు ముందు సీట్లోంచి పోలమ్మ గొంతు వినబడింది.

"దాలీ, నాకు పెళ్ళెలాగయ్యిందో నీకెప్పుడైనా సెప్పినానేటే?"

దాలి కళ్ళు తెరిచింది.

"సూపులకొచ్చినోడు ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. పేరేటంటే నవ్వుతాడు, ఎన్ని బళ్ళు నడిపినావంటే వేళ్ళు సూపిస్తాడు. మా మేనత్తకి అనుమానం. వీడు మూగోడా, సెవిటోడా అనీసి. ఒరే ఇదేటిరా అని మా అయ్యని లోనికి పిలిసి దెబ్బలాడేసినాది..."

దారి పొడుగునా చెప్పింది. బండి ఊగిపోతోంది, పక్కన తెల్లటి గీత లావెక్కుతోంది, ఆమె చేతులు స్టీరింగు మీద, కళ్ళు దారి మీద, గొంతు మాత్రం వెనక్కి. దాలి మధ్యమధ్యలో ఊఁ అంది. ఊఁ వినబడకపోతే పోలమ్మ గొంతు పెంచింది. నూట ముప్పై దగ్గర చక్రాల కింద పల్చగా నీళ్ళు మెరిశాయి. పోలమ్మ కథ ఆపలేదు.

"అప్పుడు మా మేనత్త వంటింట్లోకెళ్ళి పెద్ద ఇత్తడి పళ్ళెం తెచ్చినాది. ఆయనెనక నిలబడినాది. ఆయనకి తెల్దు. పళ్ళెం రెండు సేతుల్తో ఎత్తి..."

ఆస్పత్రి గుమ్మం. నలుగురు పరిగెత్తుకొచ్చి మంచం లాగేసుకున్నారు. దాలి భర్త ఈ సీజనంతా ఇక్కడి పనిలోనే ఉన్నాడు, అతనూ వాళ్ళ వెనకే పరిగెత్తాడు. తలుపు మూసుకుంది.


సముద్రం వచ్చిన మర్నాడు, పెద్దమెట్ట

నిన్న పొద్దున నీళ్ళు మెట్ట మొదట్లోకి వచ్చాయి. ఊరంతా గట్టు మీద నిలబడి చూశాం. మేం వచ్చిన దారి, ఎముకల గూడు, పగడాలు, అరవై రెండో రాయి, అన్నీ దాని కింద. 

అన్ని మెట్టలకూ వైర్‌లెస్‌లో చెప్పాను. మీ బండ్ల జంట తీగకు ఎన్ని బిళ్ళలున్నాయో లెక్కపెట్టండి, దారం చుట్టినవి కూడా లెక్కే అన్నాను. ఎందుకో కూడా చెప్పాను, మూడో బండి సంగతి, నా చేతిరాత సంగతి, అన్నీ. గురునాథం మామ పక్కనే కూర్చుని విన్నాడు. మా అయ్య ఆచారం ఆయనా తెచ్చుకున్నాడు ఇక్కడికి. కత్తెర పట్టుకుని తన షెడ్డులోకి వెళ్ళాడు.

దాలికి ఆడపిల్ల. మొన్న సాయంత్రమే తీశారు. రెండు కిలోలు లేదు గానీ గొంతు మాత్రం మెట్టంతా వినబడేటంత ఉంది. దాలికి రక్తం ఎక్కించారు. నిన్నంతా తెలివి రాలేదు. డాక్టర్లు ఏ మాటా ఖాయంగా చెప్పలేదు. పోలమ్మ వార్డు గుమ్మం దగ్గర ఒక పక్క, నేను ఇంకో పక్క. మధ్యలో నలుగురు నడిచేంత ఖాళీ.

ఈ మధ్యాహ్నం నర్సు పిలిచింది. లోపలికి వెళ్ళాం. దాలి కళ్ళు తెరిచి ఉన్నాయి. మొహం తెల్లగా పాలిపోయింది. బిడ్డను చూసింది, భర్తను చూసింది, తల మెల్లగా పోలమ్మ వైపు తిప్పింది.

"తరవాతేటయ్యింది పిన్నీ?" అంది.

పోలమ్మకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కుర్చీ ఒకటి మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. ఆ కథ వినే అర్హత నాకు లేదనుకుని బయటికి తిరిగాను.

వెనక ఇంకో కుర్చీ లాగిన చప్పుడైంది.

"నువ్వూ కూకో అప్పా," అంది పోలమ్మ, నా కేసి చూడకుండానే.

వచ్చి కూర్చున్నాను.